మూడో పేజీలో అమ్మ

అక్రా నుంచి వచ్చిన డాక్టరు
మా నాన్న నవలను బల్ల మీద పడుకోబెట్టి
గంటన్నరగా మాట్లాడిస్తున్నాడు.
"కొబినా ఎసిల్ఫీ రాసిన తండ్రి
నిజానికి గవర్నరు.
ఆ చేతికర్ర గవర్నరుదే.
తల్లి మూడో పేజీలోనే చనిపోతుంది, గమనించండి."

గమనించాను నాయనా.
ఆ పేజీ టైపు చేసింది నేనే.

నాకప్పుడు పదిహేడేళ్ళు.
కేప్ కోస్ట్‌లో చీకటి పడేవేళ
అమ్మ కాచిన పామాయిల్ పులుసు మీద గుడ్డ కప్పి
నెత్తిన పెట్టుకుని
రెండు వీధుల అవతల నాన్న ఇంటికి మోసుకెళ్ళేదాన్ని.
మా ఫాంటీల్లో అంతే.
ఇల్లు అమ్మది, అమ్మకు వాళ్ళమ్మది,
పిల్లలం అమ్మవైపు లెక్క.
మా చదువూ, మా పెళ్ళీ, మా వీపు మీది బెత్తమూ
మేనమామ చేతిలోవి.
నాన్న మాకు పేర్లు పెట్టాడు.
సాయంత్రాలు మేం తెచ్చింది తిన్నాడు.

ఇంకో రెండేళ్ళు నన్ను చదివించమని
ఒకసారి మా గుమ్మం దగ్గర టోపీ చేత్తో పట్టుకుని
నిలబడి అడిగాడు.
క్వామెనా మామ వల అల్లుతున్నాడు.
ముడి మీంచి కళ్ళు తీయలేదు.
అలా నేను టైపిస్టునయ్యాను.

తిని, చెయ్యి కడుక్కుని, నాన్న చెబుతుంటే
నేను కొట్టేదాన్ని.
నవల్లో రాతి మేడ.
మేడలో చలి కాచుకునే పొయ్యి!
చెమటకి రిబ్బను సిరా వేళ్ళకు కారే ఊళ్ళో.
బల్ల తలాపున తండ్రి మాంసం కోసి
ఎవరికెంతో తానే వడ్డిస్తాడు.
కూతుళ్ళు కళ్ళెత్తరు.
మాకు లేని అన్నయ్య ఒకడు, ఆస్తంతా వాడికి.
మేనమామ అన్నవాడు
ఆ పుస్తకంలో పుట్టనే లేదు.

ఒక రాత్రి నిద్రమత్తులో
తండ్రి కర్ర ఎత్తాడు అని కొట్టాల్సిన చోట
మామ కర్ర ఎత్తాడు అని కొట్టాను.
నాన్న కాగితాన్ని దీపం దగ్గర పట్టుకుని చాలాసేపు చూశాడు.
తిట్టలేదు.
రబ్బరు తీసుకుని తనే చెరిపాడు,
మామ పోయాడు, కాగితమూ పోయింది,
చిల్లులోంచి దీపం కనిపించింది.

డాక్టరు భయం అంటున్నాడు.
నేను చూసింది ఆశ.
తండ్రికి సింహాసనం ఉండే దేశం ఒకటుందని
దొరల నవలల్లో చదివాడు మా నాన్న.
అందులో ఒక్క రాత్రైనా కూర్చోవాలనుకున్నాడు.
అమ్మ బతికుంటే ఇల్లు అమ్మదవుతుంది.
అందుకే మూడో పేజీ.

అమ్మకు ఇంగ్లీషు రాదు.
చేపలకు పొగబెడుతుంటే పక్కన కూర్చుని
మా మాటల్లో చదివి చెప్పాను.
తన చావు తను విని
"జ్వరమా?" అంది.
జ్వరమే అన్నాను.
"శవాన్ని ఎవరింటికి తెచ్చారు? మా అన్న రాలేదా?"
అదేం రాయలేదు అన్నాను.
"అయితే ఇంకా పూడ్చలేదన్నమాట"
అని చేపలు తిరగేసింది.
ఆ సాయంత్రమూ గిన్నె పంపింది.
ఉప్పు వెయ్యలేదు.
నాన్న ఒక్క మాటనకుండా అడుగంటా తిన్నాడు.

డాక్టరు ఇంకో పేజీ తిప్పాడు.
"నూట పన్నెండులో ఒకే ఒక్కసారి
ఎకువా న్యార్కోవా అనే పేరు.
ముందు లేదు, తర్వాత లేదు, కథకు పట్టదు.
చంపేసిన స్త్రీ ఇలాగే తిరిగొస్తుంది.
ఇది రచయిత అచేతన."

హాలంతా తలలూపింది.
ఎనభై ఒకటో ఏట మోకాళ్ళు మాట వినవు,
కూర్చునే చెయ్యెత్తాను.
ఆ అచేతనకు పది వేళ్ళున్నాయి బాబూ.
ఆ రాత్రి నాన్న కునుకు తీస్తున్నాడు.
అది మా అమ్మ పేరు.

మైకు నా దాకా రాలేదు.
బయట టీ ఇచ్చారు,
పంచదార ఎక్కువైంది.